రాసిపెట్టిన నియమమా, స్వతంత్ర బృందమా: బహుళజాతి సంస్థకు ఏది మేలు?

మేనేజ్‌మెంట్ చదువుతున్నవారు ఈ మధ్య నన్ను పదే పదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. అనేక దేశాల్లో, వేల, లక్షల ఉద్యోగులతో నడిచే సంస్థకు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వివరించిన బ్యూరోక్రసీ ఇంకా పనికివస్తుందా, లేక చైనాకు చెందిన గృహోపకరణాల సంస్థ హైయర్ లాగా అధికార అంచెలను తీసివేసి చిన్న బృందాలుగా విడిపోవడం మేలా అన్నదే ఆ ప్రశ్న. రాసిపెట్టిన నియమాలు, స్పష్టమైన అధికార అంచెలు, ప్రతి నిర్ణయానికీ కాగితం మీద నమోదు, అర్హతను బట్టి నియామకాలు వెబర్ చెప్పిన ముఖ్య లక్షణాలు. ఇక నేరుగా తూకంలోకి వెళ్తాను.

హైయర్ వైపు వాదన బలమైనదే. దాని అప్పటి అధిపతి జాంగ్ రుయిమిన్ 2005లో మొదలుపెట్టిన మార్పు క్రమంలో మధ్యశ్రేణి మేనేజర్ల పదవులు వేల సంఖ్యలో రద్దయ్యాయి. లాభనష్టాలకు తామే బాధ్యత వహించే చిన్న బృందాలు వాటి స్థానంలోకి వచ్చాయి. కొనుగోలుదారు కోరిన మార్పు ఐదారుగురి సంతకాల కోసం ఆగనక్కరలేదు. జర్మనీకి చెందిన ఔషధ, వ్యవసాయ ఉత్పత్తుల సంస్థ బేయర్ కూడా ఇటీవల ఇదే దారి పట్టింది; తమ అంతర్గత నియమావళి 1,300 పేజీలు దాటిందని దాని అధిపతి బిల్ ఆండర్సన్ స్వయంగా చెప్పారు. అంత పెద్ద నియమావళిని ఎవరూ తెరిచి చూడరు, పక్కవారిని అడిగి పని కానిస్తారు.

అయినా, నా దృష్టిలో ఈ తూకాన్ని తేల్చేది వేగం కాదు. ఒక నిర్ణయాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీసుకున్నారో పదేళ్ల తర్వాత కూడా కాగితం మీద దొరుకుతుందా లేదా అన్నదే తేలుస్తుంది. జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ ఉదంతాన్ని చూడండి. షెవర్లే కోబాల్ట్ వంటి కార్లలో స్విచ్ వదులుగా ఉండడం వల్ల, బండి నడుస్తుండగానే తాళంచెవి తిరిగిపోయి ఇంజిన్ ఆగిపోయేది, ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. నిర్దేశించిన బిగువు లేకపోయినా ఆ స్విచ్‌కు 2002లో ఆమోదం లభించింది. 2006లో దాన్ని సరిచేశారు గాని, విడిభాగం నంబరును మాత్రం మార్చలేదు. నంబరు ఒకటే కావడంతో పాత కార్లలో ఉన్న లోపం కొత్త కార్లలో ఎందుకు కనిపించడం లేదో సంస్థలోని పరిశోధకులకే ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. చివరకు 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. 124 మరణాలకు పరిహారం పొందే అర్హత ఉందని సంస్థ ఏర్పాటు చేసిన పరిహార నిధి తేల్చింది.

ఇది బ్యూరోక్రసీ వైఫల్యమే కదా అని కొందరు వాదిస్తారు. కమిటీల మధ్య బాధ్యత నలిగిపోయిందన్నది నిజమే. సమావేశంలో అందరూ తలలూపి, బయటికి వచ్చాక ఎవరూ ఏమీ చేయని అలవాటును ఈ ఉదంతంపై సంస్థ తరఫున విచారణ జరిపిన న్యాయవాది ఆంటన్ వలుకాస్ నివేదిక ప్రత్యేకంగా ఎత్తిచూపింది. కాని మార్పు చేస్తే నంబరు మార్చి నమోదు చేయాలన్నది వెబర్ పద్ధతికి ప్రాణం వంటి నియమం, అక్కడ తప్పింది అదే. ఒకే భాగాన్ని అనేక స్వతంత్ర బృందాలు వాడుకునే చోట ఆ నమోదును ఎవరు చూస్తారో హైయర్ అభిమానులు ముందుగా చెప్పాలి.

పైగా, నియమం కింది ఉద్యోగికి కూడా అండగా నిలుస్తుంది. టొయోటాలో అసెంబ్లీ లైను మీది కార్మికుడు లోపం కనిపిస్తే తాడు లాగి సహాయం కోరవచ్చు, అవసరమైతే లైను ఆగుతుంది. ఆ అధికారం పైవారి మంచితనం వల్ల వచ్చింది కాదు, పని పద్ధతిలో భాగంగా ఉన్నది.

ఈ రెండూ కాక వేరే దారులూ ఉన్నాయి. 1988లో ఏర్పడిన విద్యుత్ పరికరాల సంస్థ ఏబీబీ నడిపిన మాట్రిక్స్ పద్ధతిలో ఒక ఉద్యోగికి దేశం తరఫున ఒక పైఅధికారి, వ్యాపారం తరఫున మరొకరు ఉండేవారు. 1998లో దాన్ని వదిలేశారు. పైఅధికారులు లేకుండా పాత్రల వారీగా పని పంచుకునే హోలాక్రసీ పద్ధతిని ఇంత పెద్ద సంస్థల విషయంలో పరిశీలించనక్కరలేదు.

కనుక భద్రత, లెక్కలు, నియామకాలు, పదోన్నతులు వెబర్ పద్ధతిలోనే ఉండాలని, కొత్త ఉత్పత్తుల రూపకల్పననూ స్థానిక అమ్మకాలనూ బృందాలకు వదిలేయవచ్చని నా అభిప్రాయం. బేయర్‌లో ఉన్నటువంటి భారీ నియమావళిని మాత్రం తగ్గించాల్సిందే. ప్రతి నియమానికి ఒక బాధ్యుడి పేరు, దాన్ని తిరిగి పరిశీలించాల్సిన తేదీ రాసిపెడితే పనికిరానివి వాటంతటవే బయటపడతాయి.