మోటార్‌హోమ్ అడుగున తుప్పు: నల్ల పూతా, రంగా, ఉన్ని జిడ్డా?

మోటార్‌హోమ్ కొనేటప్పుడు లోపలి మంచం, వంటగట్టు, స్నానాలగది చూసి మురిసిపోతాం. అట్ట పరుచుకుని బండి కిందికి దూరి చూసేవాళ్లు తక్కువ. అమెరికాలోని మిషిగన్‌లో పాత బండి కొన్నప్పుడు నేనూ చూడలేదు. అమ్మినాయన ఛాసిస్‌కు, అంటే బండిని మోసే ఇనుప చట్రానికి, నిగనిగలాడే నల్ల రబ్బరు పూత వేయించి ఉంచితే, బాగా చూసుకున్నాడనే అనుకున్నాను. రెండేళ్లకు ఒకచోట స్క్రూడ్రైవర్‌తో గీకితే అరచేయంత పెచ్చు ఊడివచ్చింది. వెనక ఇనుము తాపేశ్వరం కాజాలా పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది.

కాబట్టి నల్ల పూతను ముందే పక్కన పెడుతున్నాను. కొత్త ఇనుము మీద, పొడిగా ఉన్నప్పుడు వేస్తే అది పనికొస్తుంది. తర్వాత రాళ్లు తగిలి ఎక్కడో చీలుతుంది. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పునీరు ఆ చీలికలోంచి లోపలికి పోతుంది, బయటికి రాదు. కొన్నిచోట్ల మామూలు ఉప్పుతో పాటు కాల్షియం క్లోరైడ్ కూడా వాడతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక ఎండినట్టు కనిపించినా ఎండదు. పాత బండికి కొత్త నల్ల పూత కనిపిస్తే ముందు అనుమానించండి.

ఇక తుప్పును మార్చే ద్రావణాలు. వీటిలో చాలావాటికి ఆధారం టానిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో. టానిక్ రకం పూస్తే ఎర్రటి తుప్పు నల్లబడుతుంది. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసింది ఈ గుణంతోనే: కరక్కాయలోని టానిన్, అన్నభేదిలోని ఇనుము కలిసి ఆ నలుపు. అయితే ద్రావణం పలచటి తుప్పునే మారుస్తుంది. పెచ్చులు కట్టినచోట పై పొర నల్లబడుతుంది, కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. బ్రష్ సరిగా ఆడని మూలలకే దీన్ని వాడతాను, ఆపైన రంగు కూడా వేస్తాను.

గ్రైండర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, జింకు ప్రైమర్, దానిపైన రంగు వేయడం అన్నిటికన్నా గట్టి పద్ధతి. జింకు తాను ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. కాని వెల్లకిలా పడుకుని, కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని ఇరవై నాలుగు అడుగుల బండి మొత్తం గీకడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మెట్లు, వెనక బంపరు, బ్యాటరీ పెట్టే తట్ట వంటి చేతికందే భాగాలకు ఇదే మేలు. తట్టను ముందు వంటసోడా నీళ్లతో కడగండి, బ్యాటరీ ఆమ్లం మీద ఏ రంగూ నిలవదు.

ఛాసిస్‌కు మాత్రం నా ఓటు ఉన్ని జిడ్డుకే. గొర్రె ఉన్నిలోంచి తీసే లానోలిన్ అది. ఊడే పెచ్చులను రాల్చి, కడిగి, ఆరాక స్ప్రే కొడితే సరిపోతుంది. అది గట్టిపడదు, చీలదు; సందుల్లోకి పాకుతుంది, గీత పడినా చాలావరకు తానే పూడ్చుకుంటుంది. ఏటా మళ్లీ కొట్టాల్సిందే, అది నిజం. కానీ ఏటా కొట్టాలి కాబట్టే ఏటా కింద చూస్తాం. దీన్ని బ్రేకు డిస్కులకు, పొగగొట్టానికి తగలనివ్వకూడదు. పూసిన కొన్నాళ్లు బండి చుట్టూ తడిసిన గొర్రెల మంద వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

వీటిలో ఏదీ పనికిరాని చోట్లున్నాయి. సుత్తితో తడితే ఛాసిస్ ఖంగుమనాలి. మొద్దుగా మోగినా, సుత్తి దిగబడినా అది వెల్డింగ్ చేసేవాడికి చూపించాల్సిన బండి. తుప్పు తిన్న బ్రేకు గొట్టాలకు పూతలు వద్దు, మార్పించండి.

ఇక్కడి చలి తప్పించుకోవడానికి జనవరిలో ఫ్లోరిడాకు బయలుదేరేవాళ్లు జిడ్డు పని అక్టోబరులోనే, పొడి రోజు చూసుకుని ముగించాలి. ఒహాయో, కెంటకీ దాటేలోపే బండి అడుగు ఉప్పుతో తెల్లబడుతుంది. చేరగానే సముద్రం చూడబోయే ముందు కింద మంచినీళ్లతో కడిగించండి.