ప్లేమొబిల్ బొమ్మలు: ఏళ్ల తరబడి ఆడాక

జర్మనీలో ఉద్యోగం చేసే మా తమ్ముడు విజయనగరం వచ్చినప్పుడల్లా మేనకోడలికి, అంటే మా అమ్మాయికి, అక్కడి ప్లాస్టిక్ బొమ్మలైన ప్లేమొబిల్ పెట్టె ఒకటి తెచ్చేవాడు. ఆ మేనకోడలు ఇప్పుడు ఇంటర్‌కు వచ్చింది. బొమ్మలు మాత్రం అటక ఎక్కలేదు. వాటికి వాటాదారులు పెరిగారంతే, అందులో నేనూ ఒకదాన్ని.

బొమ్మ ఎత్తు 7.5 సెంటీమీటర్లు, పిల్లల పిడికిట్లో ఇమిడిపోతుంది. తల తిరుగుతుంది, చేతులు లేస్తాయి, నడుము దగ్గర వంగి కూర్చుంటుంది. మోకాళ్లు వంగవు, కాళ్లు రెండూ కలిసే కదులుతాయి. ముఖం మీద రెండు చుక్కలు, ఒక నవ్వు. ముక్కు లేదు. పిల్లలు గీసే మనిషి బొమ్మ ఎలా ఉంటుందో చూసి, వీటిని తయారుచేసే జర్మన్ కంపెనీలో రూపకర్త హాన్స్ బెక్ ఆ రూపం ఇచ్చాడు. 1974లో ఇవి బజారుకు రావడానికి ఒక కారణం చమురు సంక్షోభం. ప్లాస్టిక్ ధర మండిపోతుంటే తక్కువ సరుకుతో అయ్యే చిన్న బొమ్మల వైపు కంపెనీ మొగ్గింది. చేతిలోకి తీసుకుంటే మాత్రం పొదుపు కోసం పుట్టిన వస్తువులా అనిపించదు.

యుద్ధంలో కూలినవాడు కూడా నవ్వుతూనే ఉంటాడు. పెద్దవాళ్లకు అది ఎబ్బెట్టు, పిల్లలకు పట్టదు. మా అమ్మాయి చేతిలో ఇనుప టోపీ వీరుడు పొద్దున బొబ్బిలి కోట కాపాడే తాండ్ర పాపారాయుడు, మధ్యాహ్నం ఆర్టీసీ కండక్టరు, రాత్రికి అన్నం తిననని మొరాయించే పిల్లవాడు. కోపం, ఏడుపు అన్నీ అమ్మాయి గొంతులోనే పలికేవి. పళ్లు బిగించిన సూపర్‌హీరో బొమ్మలు కూడా ఇంట్లో ఉన్నాయి. వాటి చేత టికెట్లు కొట్టించడం ఎవరి వల్లా కాలేదు.

అసలు సంబరం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి తీసే ఊరేగింపు, చూసి ఇంటికి వచ్చాక. పాత గొడుగు కర్ర సిరిమాను. దాని కొసన దారంతో కట్టిన బుల్లి కుర్చీలో ప్లేమొబిల్ పూజారి దర్జాగా కూర్చుంటాడు. బొమ్మల చేతులు కొక్కేల్లా ఉంటాయి కాబట్టి ఉల్లిపాయల సంచి జాలీ కత్తిరించి తగిలిస్తే బెస్తవారి వల సిద్ధం. బూడిద రంగు ఏనుగుకు టాల్కం పౌడరు పూస్తే తెల్ల ఏనుగు. ఒక ఏడాది మా మామగారు పేపరు పక్కన పెట్టి, "తప్పమ్మా, ఏనుగు, వల ముందు వెళ్లాలి, సిరిమాను వెనక రావాలి" అని తానే నేల మీద చతికిలబడ్డారు. ఫ్రిజ్ అమ్మవారి చదురుగుడి, టీవీ బల్ల కోట. రెంటి మధ్య మూడుసార్లు తిరగాల్సిందే, ఆయన దగ్గర మినహాయింపులు ఉండవు. భక్తులు సిరిమాను మీదికి విసిరే అరటిపళ్లకు బదులు వేరుశనగ గింజలు విసిరేదీ ఆయనే. రిటైరైన లెక్కల మాస్టారిలో ఈ మనిషి ఉన్నాడని మా అత్తగారికే తెలియదట!

అత్తగారు ఇప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువులో అడుగు మెట్టు వీటికి వదిలేశారు, ఏటికొప్పాక బొమ్మల పక్కనే. అందంలో ఏటికొప్పాకదే పైచేయి. అంకుడు కర్ర మీద లక్క నునుపు ఈ ప్లాస్టిక్‌కు ఎక్కడిది? కాకపోతే ఆ ఏటికొప్పాక పెళ్లికొడుకు బొమ్మను కుర్చీలో కూర్చోమంటే కూర్చోడు.

ఇబ్బందులంటారా, కత్తులు, టోపీలు, చెంబులు చీపురు పాలవుతాయి. జుట్టు ఊడదీసి మార్చుకునేలా ఉంటుంది కనుక బోడితలలు ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. ఇవే అనుకుని ఒక దుకాణంలో చవకగా కొన్న నకళ్లకు వారం తిరగకుండానే చేతులు వదులైపోయాయి.

కొనదలిస్తే పెద్ద కోటతో మొదలుపెట్టకండి. కోట కొంటే పిల్లలు కోట ఆటే ఆడతారు. మనుషులున్న చిన్న పెట్టెలు రెండు, ఏదో ఒక జంతువు చాలు, కోటకు అట్టపెట్టె ఉండనే ఉంది. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ చిల్లర సామాను బయటికే తీయవద్దు.