కోవూరు పీసీఆర్ ల్యాబ్‌లో మూడు పంటల రొయ్య సీడ్ టెస్ట్ చేయించాను

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. నాలుగెకరాల్లో రెండు చెరువులు. మా ఆయన పోయినప్పటి నుంచి, అంటే ఆరేళ్లుగా, నేనూ మా మరిదీ వనామి రొయ్యల సాగు చేస్తున్నాం. రెండేళ్ల కిందట వేసవి పంటలో 38వ రోజు పొద్దున చూస్తే చెక్ ట్రేలో, అంటే రొయ్యలు తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో, మేత వేసింది వేసినట్టే ఉంది. మర్నాటికి రొయ్యలు గట్టు పక్కకొచ్చి తేలాయి. తల మీది పెంకు ఊడదీసి ఎండకు పట్టుకుంటే తెల్ల చుక్కలు. నాలుగు రోజుల్లో మొదటి చెరువు మొత్తం పోయింది. రెండోది వారం తర్వాత పోయింది.

ఆ సీడ్‌తో, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలతో పాటు, వాటిని పెంచి అమ్మే హేచరీ వాళ్లిచ్చిన రిపోర్టులో వైట్ స్పాట్ (ఆ తెల్ల చుక్కల వైరస్) నెగెటివ్ అనే ఉంది. తప్పంతా సీడ్‌దేనని నేను అనను. ఈ వైరస్ నీటితో వస్తుంది, పీతలు మోసుకొస్తాయి. కానీ ఆ ఒక్క కాగితాన్ని నమ్మి రెండు చెరువుల్లోనూ అదే సీడ్ వదిలాను. ఆ తర్వాత నుంచి సీడ్ కొనే ముందు నా డబ్బుతో నేనే టెస్ట్ చేయించుకుంటున్నాను. అందుకు వెళ్తున్నది కోవూరులో ఒక మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న చిన్న ల్యాబ్‌కు. రెండే గదులు. అక్కడ టెస్టులు చేసేది ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివిన నెల్లూరు అమ్మాయి.

మొదటిసారి వెళ్లినప్పుడు పాత రిపోర్టు చేతికిచ్చాను. ఒక నిమిషం చూసి, "అక్కా, ఇందులో కంట్రోల్ ఏదీ?" అంది. నాకు అర్థం కాలేదు. "టెస్ట్ సరిగ్గా జరిగిందని సాక్ష్యం ఉండాల కదక్కా. అది లేదిందులో" అంది. ఆ రోజు గంటసేపు కూర్చోబెట్టి చెప్పింది. నేను పదో తరగతి వరకే చదివాను. అయినా ఆ అమ్మాయి చెప్పిన తీరుకు అంతా బుర్రకెక్కింది.

రొయ్య ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. రెండు పోగులు ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగిన తాడులాంటిది. దాని మీద ఏ, టీ, జీ, సీ అని నాలుగే అక్షరాలు. ఒక పోగులో ఏ ఉన్న చోట ఎదుటి పోగులో టీ, జీ ఉన్న చోట సీ. అందుకే ఒక పోగు దొరికితే రెండోది రాసుకోవచ్చు. కణం చేయాల్సిన ప్రతి ప్రొటీన్‌కూ రాత అందులోనే ఉంటుంది.

"మీ పొలం దస్తావేజు రికార్డు ఎక్కడుంటాదక్కా?" అని అడిగింది. రిజిస్ట్రార్ ఆఫీసులో అన్నాను. "బ్యాంకు వాళ్లకు లోను కోసం ఏమిస్తారు?" నకలు. "అదే ఆర్‌ఎన్‌ఏ" అంది. అసలు రాత కణం మధ్యలో ఉండే కేంద్రకం దాటి బయటికి రాదు. ఏ ప్రొటీన్ కావాలో ఆ ముక్క వరకే నకలు తీసుకుని ఆర్‌ఎన్‌ఏ బయటికొస్తుంది. అందులో టీ బదులు యూ అనే అక్షరం ఉంటుంది. బయట రైబోజోమ్ దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ఒక్కో మూడక్షరాలకు ఒక్కో అమైనో ఆమ్లం. దాన్ని మోసుకొచ్చేది ఇంకోరకం చిన్న ఆర్‌ఎన్‌ఏ. అలా గొలుసు పెరిగి ప్రొటీన్ అవుతుంది.

ల్యాబ్ గోడ మీద ఆ మూడక్షరాల పట్టిక ఉంది, మొత్తం 64. ఏయూజీ దగ్గర మొదలు. యూఏఏ, యూఏజీ, యూజీఏ ఈ మూడింట్లో ఏది వచ్చినా ఆగిపోవాలి. మిగతావన్నీ 20 రకాల అమైనో ఆమ్లాలకే. ఈ కోడ్ విప్పినందుకు 1968లో అప్పటి అవిభక్త భారతదేశంలో పుట్టిన హర్ గోబింద్ ఖొరానాకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారని ఆ అమ్మాయే చెప్పింది.

నన్ను కదిలించింది మేత సంగతి. మనం కొనే బస్తా మీద ప్రొటీన్ 35 శాతం అని ఉంటుంది. ఆ ప్రొటీన్ నేరుగా రొయ్య కండ అయిపోతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదట. చేపపొడి, సోయాలోని ప్రొటీన్ రొయ్య కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిని తన డీఎన్‌ఏలో రాసిన వరసలో రొయ్య మళ్లీ కూర్చుకుంటుంది. వైట్ స్పాట్ వైరస్ దగ్గర దాదాపు 3 లక్షల అక్షరాల జతల డీఎన్‌ఏ ఉంది కానీ రైబోజోమ్ లేదు. కణంలోకి దూరి తన రాతను లోపల పెడుతుంది. మూడక్షరాల కోడ్ రొయ్యకూ వైరస్‌కూ ఒకటే కాబట్టి రొయ్య రైబోజోమ్‌కు తేడా తెలియదు. వైరస్ పై పొరలో వీపీ28 అనే ప్రొటీన్ ఉంది, 204 అమైనో ఆమ్లాల గొలుసు. రొయ్య కండకు పోవాల్సిన సరుకుతోనే అది తయారవుతుంది. నేను అప్పుచేసి తెచ్చిన మేత ఆ వారం రోజులూ ఎటు పోయిందో ఆ రోజు తెలిసింది. ల్యాబ్‌లోనే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆ అమ్మాయి లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇక టెస్ట్. దాన్నే పీసీఆర్ అంటారు, డీఎన్‌ఏ ముక్కను రెట్టింపు చేస్తూ పోయి కంటికి కనిపించేలా చేసే పద్ధతి. రొయ్య పిల్లల కళ్లు గిల్లి తీసేస్తారు, కంట్లోని పదార్థాలు టెస్ట్‌కు అడ్డుపడతాయట. మిగతాది నూరి డీఎన్‌ఏ వేరు చేస్తారు. మిషన్‌లో 95 డిగ్రీల దాకా వేడి చేస్తే రెండు పోగులూ విడిపోతాయి. చల్లార్చితే వైరస్ రాతకు మాత్రమే సరిపోయే చిన్న ముక్కలు అతుక్కుంటాయి. అక్కడి నుంచి ఒక ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది. అంత వేడికీ చెడని ఆ ఎంజైమ్ వేడినీటి ఊటల్లో బతికే బాక్టీరియాది. ఒక్కో విడతకు రెట్టింపు. 30 విడతలయ్యేసరికి ఒక్క ముక్క 107 కోట్లు అవుతుంది. ఆ తర్వాత జెల్ మీద కరెంట్ పెట్టి నడిపిస్తే, ఆ ముక్కలు ఉన్నచోట గీత కనిపిస్తుంది.

కంట్రోల్ అంటే ఇదే. వైరస్‌తో పాటు రొయ్య సొంత జీన్ ఒకదాన్ని కూడా వెతుకుతారు. అది ప్రతి రొయ్యలోనూ ఉండి తీరాలి. ఆ గీత కూడా రాలేదంటే డీఎన్‌ఏ సరిగ్గా తీయలేదన్నమాట. అప్పుడు వైరస్ గీత రాకపోయినా అది నెగెటివ్ కాదు, టెస్టే కాలేదు. ఈ ల్యాబ్ రిపోర్టులో రొయ్య గీత, వైరస్ ఉన్న శాంపిల్ గీత, గీత రాకూడని ఉత్త నీళ్ల వరస, మన శాంపిల్ వరస నాలుగూ ఉన్న ఫోటో అతికించి ఇస్తారు. నేను డబ్బు కట్టేది ఆ ఫోటోకే.

ఇంకోటి, పిల్లల లెక్క. వంద పిల్లల్లో రెండింటికే వైరస్ ఉందనుకోండి. పది పిల్లల్నే తీసి చూస్తే పదిసార్లలో ఎనిమిదిసార్లు దొరకదు. 150 తీస్తే నూటికి 95 సార్లు దొరుకుతుంది. ఇక్కడ 150కి తగ్గితే శాంపిలే తీసుకోరు. నాతో పాటు వచ్చిన ఒకాయన యాభై తెస్తే వెనక్కి పంపారు. ఆయనకు కోపం వచ్చింది గానీ నాకు నమ్మకం పెరిగింది.

నచ్చనివీ ఉన్నాయి. రిపోర్టు సాయంత్రానికని చెప్పి రాత్రి తొమ్మిదికిచ్చిన సందర్భాలు రెండు. సీడ్ బేరం ఆగి ఉంటే ఆ నాలుగు గంటలూ ఎంత టెన్షనో రైతుకే తెలుసు. రిపోర్టంతా ఇంగ్లీషులో ఉంటుంది, ఒక్క పేజీ తెలుగులో ఇస్తే ఏం పోయింది? ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల టెస్ట్, అంటే కండ తెల్లబడే ఐఎంఎన్‌వీ లాంటివి, ఇక్కడ చేయరు. దానికి ముందు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఇంకో ఎంజైమ్ కావాలి, ఖర్చు ఎక్కువ. పైగా ఆర్‌ఎన్‌ఏ ఊరికే విరిగిపోతుంది, మన చేతి చర్మం మీదుండే ఎంజైములు చాలు దాన్ని పాడుచేయడానికి. అవి కావాలంటే వేరే చోటుకు పంపుతామంటారు, నాలుగు రోజులు పడుతుంది. చెరువు మీద అంత ఆగే వీలుండదు.

ఈసారి పంటకు మొదట బేరమాడిన సీడ్‌లో వైట్ స్పాట్ లేదు కానీ ఈహెచ్‌పీ దగ్గర సన్నటి గీత వచ్చింది. ఈహెచ్‌పీ వైరస్ కాదు, బూజు జాతికి దగ్గరి పరాన్నజీవి. రొయ్యను చంపేయదు, ఎదగనివ్వదు. మరిది "సన్నగీతే కదా వదినా, వేసేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అడ్వాన్స్ 15 వేలు పోయింది. రెండో హేచరీ సీడ్‌కు అన్నీ శుభ్రంగా వచ్చాయి. ఈరోజుకు 61వ రోజు, 80 కౌంట్‌లో, అంటే కిలోకు 80 తూగేలా ఉన్నాయి.

నేను ఐదుకు నాలుగు ఇస్తాను. మూడు టెస్టులకు 2,700 తీసుకున్నారు. వెళ్లేవాళ్లు పిల్లల్ని ఆక్సిజన్ కవర్లో బతికుండగా తీసుకెళ్లండి, పొద్దున పది గంటల లోపల ఇస్తే ఆ రోజే మిషన్‌లో పెడతారు. శనివారం మధ్యాహ్నం దాటాక ఇస్తే రిపోర్టు సోమవారమే.