సినిమాకి ఏ మోడ్ మేలు: స్టాండర్డా, సినిమా మోడా?

కొత్త టీవీ కొన్నవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఇదే. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో వీటితోపాటు ఉండే వివిడ్ మోడ్ సంగతి వదిలేయండి. అది షోరూమ్‌లో పక్క టీవీని మించి మెరవడానికి పెట్టింది. ఇంట్లో చూస్తే హీరో మొహం నారింజపండే.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో తూర్పు బాల్కనీ ఇల్లు. సముద్రం మీంచి వచ్చే ఎండ పొద్దున్నే హాల్లోకి దిగుతుంది. నేను సినిమా మోడ్ పెట్టిన రోజు అమ్మ "ఏటిరా, టీవీకి పచ్చకామెర్లొచ్చాయేటి?" అంది. బావ "చీకటిగా ఉంది" అంటూ రిమోట్ లాక్కుని స్టాండర్డ్‌కి మార్చేశాడు. ఆ మోడ్ మీద ఎవరు చెప్పే ఫిర్యాదైనా ఈ రెండిట్లో ఒకటే.

పసుపు మాట నిజమే, కానీ తప్పు టీవీది కాదు. సినిమాకి రంగులు దిద్దేటప్పుడు తెలుపుగా తీసుకునేది దాదాపు 6500 కెల్విన్ (తెలుపు పసుపు వైపుందో నీలం వైపుందో చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం). స్టాండర్డ్‌లో తెలుపు సాధారణంగా అంతకన్నా నీలంగా ఉంటుంది, మన కళ్లు దానికే అలవాటుపడ్డాయి. మూడు నాలుగు రోజులు ఓర్చుకోండి. అమ్మ ఇప్పుడా మాటే ఎత్తడం లేదు.

అసలు తేల్చేది రెండోదే. సినిమా మోడ్‌ని చీకటి గదికని తయారుచేస్తారు, అందుకే బ్యాక్‌లైట్, అంటే తెర వెనకనుంచి వచ్చే వెలుగు, తగ్గించి ఇస్తారు. వెలుతురు చాలకపోతే బ్యాక్‌లైట్ ఒక్కటే పెంచండి, మోడ్ మార్చకండి. మా ఇంట్లో పగలు 80, రాత్రి 35. చాలా టీవీల్లో 'బ్రైట్‌నెస్' అంటే నలుపు స్థాయి. అది పెంచారో, రాత్రి సీన్లన్నీ బూడిదరంగుకి తిరుగుతాయి. సోనీలో మాత్రం బ్రైట్‌నెస్ అంటేనే బ్యాక్‌లైట్, నలుపుకి వేరే బ్లాక్ లెవెల్ ఉంటుంది. ఈ పేర్ల గందరగోళం వల్లే సగంమంది విసుగొచ్చి స్టాండర్డ్‌కి పోతారు.

స్టాండర్డ్‌నే సరిచేసుకోవచ్చు కదా అంటే, చేసుకోవచ్చు. కలర్ టోన్ వార్మ్‌కి (పసుపు వైపుకి) మార్చి, షార్ప్‌నెస్ తగ్గించి, మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య టీవీయే కొత్త ఫ్రేములు కల్పించి చేర్చడం) ఆపాలి. ఇన్ని చేసి చేరేది సినిమా మోడ్ దగ్గరికే. క్రికెట్‌కి అయితే స్టాండర్డ్ ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

సినిమా మోడ్‌లోనూ మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉందేమో ఒకసారి చూడండి. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమా దానివల్ల సీరియల్‌లా జారుతుంది. మీ టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఇంకోటి ఉంటే, స్మూతింగ్‌ని అదే ఆపేస్తుంది.

మీటర్‌తో తెర రంగులు కొలిపించి సరిచేయించడం (కాలిబ్రేషన్) ఖరీదైన టీవీలకి సరే. వేరేవాళ్లు తమ టీవీకి కొలిచి నెట్‌లో పెట్టిన వైట్ బ్యాలెన్స్ (తెలుపుని సరిదిద్దే) అంకెలు మాత్రం ఎక్కించకండి, ఒకే మోడల్‌లోనూ ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ తేడా ఉంటుంది.