అమెరికా ఫోన్ లాక్‌తోనూ వాడాను, లాక్ తీశాకా వాడుతున్నాను

మా కోనసీమలో గల్ఫ్‌లోనో అమెరికాలోనో మనిషి లేని వీధి ఉండదు, వాళ్ళు తెచ్చే ఫోన్లకీ లోటుండదు. మా బావ డల్లాస్ నుంచి తెచ్చిచ్చిన ఐఫోన్ 13ని ఏళ్ళుగా రాజోలులో వాడుతున్నాను కాబట్టి రాస్తున్నా.

లాక్ అంటే పిన్ను, ప్యాటర్ను కాదండీ. అక్కడ వాయిదాల మీద అమ్మిన కంపెనీ తన సిమ్ తప్ప వేరేది పని చేయకుండా పెట్టే కట్టు. మన సిమ్ వేస్తే 'సిమ్ నాట్ సపోర్టెడ్' అంటుంది. వైఫైలో యూట్యూబ్, వాట్సాప్ బాగానే నడుస్తాయి గానీ యూపీఐ మొదటిసారి పెట్టుకోవాలంటే మన సిమ్ నుంచి, అదే ఫోన్లోంచి మెసేజ్ వెళ్ళాలి. అది వెళ్ళదు. రొయ్యల మేత కొట్టు దగ్గర డబ్బు కట్టడానికి జేబులో ఇంకో ఫోన్ మోయాల్సిందే, ఇక లక్ష రూపాయల ఫోన్ ఎందుకు?

సిమ్ కింద పల్చటి చిప్పు పెట్టి నడిపిస్తామంటారు కొందరు. నేనూ పెట్టించాను, నడిచింది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక సిగ్నల్ పోయింది. చివరికి బావ మిగిలిన వాయిదాలు కట్టేసి, ఐఎమ్ఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఇచ్చి అడిగితే కంపెనీయే తన వైపు నుంచి లాక్ తీసేసింది, ఏ కోడూ కొట్టక్కర్లేదు.

అప్పట్నుంచి దీని సుఖమే వేరు. అంతర్వేది వైపు చెరువుల దగ్గర ఒక సిమ్‌కి సిగ్నల్ గీతలు తగ్గిపోతే ఈసిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కించుకునే సిమ్) పెట్టుకున్న రెండోది ఆదుకుంటుంది. 5జీ కూడా వస్తోంది.

అలాగని లాక్ ఫోన్లన్నీ చెత్త అనను. 2017లో వచ్చిన జియోఫోన్ జియో సిమ్‌తోనే పనిచేసేది, 1500 రూపాయల డిపాజిట్‌కి అది న్యాయమే, మా అమ్మ హాయిగా వాడింది. ఇంకో మాట, లాక్ లేనంత మాత్రాన అన్నీ పనిచేయవు. జియోకి 2జీ, 3జీ లేవు, మాట కూడా 4జీ, 5జీల మీదే వెళ్ళాలి, పాత అమెరికా ఆండ్రాయిడ్లు కొన్ని అక్కడే తేలిపోతాయి. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14 నుంచి సిమ్ ట్రేనే లేదు, ఈసిమ్ ఒక్కటే గతి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో 'క్యారియర్ లాక్' ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో చూడండి, మీ సిమ్ వేసి ఒక కాల్ చేయండి. రెండ్రోజుల్లో లాక్ తీసిస్తానని షాపాయన అంటే, తీశాకే డబ్బులిస్తానని చెప్పి వచ్చేయండి.