జార్జియా కారా, మెక్సికో కారా? ఏది మేలు?

మా తమ్ముడు డాలస్‌లో ఎలక్ట్రిక్ కారు కొంటానంటే మొన్న శనివారం వాడితో పాటు నేనూ షోరూములకి వెళ్లాను. షెవర్లే ఈక్వినాక్స్ ఈవీ నచ్చింది. అద్దానికి అతికించిన కాగితాన్ని ధర దగ్గర ఆపేయకుండా కింది దాకా చదవమన్నాను. ఫైనల్ అసెంబ్లీ అన్నచోట రామోస్ అరిస్పే, మెక్సికో అని ఉంది. "షెవర్లే అంటే అమెరికా కంపెనీయే కదా అన్నయ్యా, ఇదేంటి?" అన్నాడు. వాడు చూస్తున్న రెండో కారు హ్యుందాయ్ అయానిక్ 5. కంపెనీ కొరియాది, కారు మాత్రం జార్జియాలో సవానా దగ్గరి ఫ్యాక్టరీలో తయారైంది. కారు కొన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీ లెక్కకి కంపెనీ ఎవరిదన్నది పట్టదు. చివరి బోల్టు ఎక్కడ బిగించారన్నదే పడుతుంది.

ఇంకో మాట. రెండేళ్ల కిందట కారు కొన్న మిత్రుల సలహా ఇప్పుడు పనికిరాదు, ఎందుకంటే రూలే మారిపోయింది. ముందు పాత రూలు చెప్తాను. 2022 ఆగస్టు 16న కొత్త చట్టం మీద సంతకం అవగానే, 7,500 డాలర్ల టాక్స్ క్రెడిట్ రావాలంటే కారు ఉత్తర అమెరికాలో అసెంబుల్ అయి తీరాలన్నారు. అప్పట్లో కొరియా నుంచి ఓడలో వచ్చే అయానిక్ 5, కియా ఈవీ6 రాత్రికి రాత్రే జాబితాలోంచి పోయాయి. మెక్సికో, కెనడా మాత్రం ఉత్తర అమెరికా కిందికే వచ్చేవి. బ్యాటరీ షరతులు కూడా నెగ్గిన ఈక్వినాక్స్‌కి 7,500 పూర్తిగా దక్కేది. లీజు తీసుకునేవాళ్లకి అసెంబ్లీ షరతు అడ్డొచ్చేది కాదు. అందుకే ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది కొరియా కార్లు లీజుకే తీసుకున్నారు.

ఆ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది. ఇప్పుడున్నది కారు లోను వడ్డీ మీద డిడక్షన్. 2025 నుంచి 2028 దాకా ఏడాదికి 10,000 డాలర్ల వరకు వడ్డీని ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. కారు కొత్తదై ఉండాలి, సొంత వాడకానికై ఉండాలి, అచ్చంగా అమెరికాలోనే అసెంబుల్ అయి ఉండాలి. మెక్సికోకి ఇక్కడ చోటు లేదు. నిన్నటి దాకా ముందు వరసలో ఉన్న ఈక్వినాక్స్ ఈరోజు గుమ్మం బయట నిలబడింది. లీజుకీ ఇది రాదు.

మరి ఈ డిడక్షన్ కోసం జార్జియా కారే కొనాలా? తొందరపడకండి. క్రెడిట్ అంటే కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గేది. డిడక్షన్ అలా కాదు, మీ శ్లాబు ఎంతో అంత శాతమే చేతికొస్తుంది. 40,000 డాలర్ల లోను, 6 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకోండి. మొదటి ఏడాది కట్టే వడ్డీ సుమారు 2,200. 22 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి దాని మీద మిగిలేది 485 డాలర్లు. ఏటేటా వడ్డీ తగ్గుతుంది కాబట్టి మిగులూ తగ్గుతుంది. 2026 మొదట్లో లోను తీసుకుంటే 2028 చివరికి మూడేళ్లదీ కలిపి 1,160 దగ్గర ఆగుతుంది. పాత 7,500 ఎక్కడ, ఇదెక్కడ! చేతిలో డబ్బుండి కూడా డిడక్షన్ వస్తుందని లోను తీసుకోవడం మాత్రం వద్దు. 22 సెంట్లు వెనక్కి వస్తాయని డాలరు వడ్డీ కడతామా?

ఆదాయం దగ్గర అసలు మెలిక ఉంది. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లకి లక్ష డాలర్లు, దంపతులకి కలిపి 2 లక్షలు దాటితే, పైనున్న ప్రతి వెయ్యికీ డిడక్షన్‌లో 200 కోస్తారు. దంపతులకి రెండున్నర లక్షల దాకా కొంతైనా వస్తుందని చాలామంది నమ్ముతున్నారు. ఆ మాట ఏడాదికి 10,000 వడ్డీ కట్టేవాళ్లకే. మీ వడ్డీ 2,200 అయితే, ఆదాయం 2 లక్షల 11 వేలకి చేరేసరికే డిడక్షన్ సున్నా. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న ఎన్ని ఇళ్లు ఆ గీత దాటి ఉన్నాయో మీకు తెలిసిందే. వాళ్లకి జార్జియా అయినా మెక్సికో అయినా పన్ను లెక్కలో ఒకటే. నచ్చిన కారు తక్కువ ధరకి బేరమాడుకోవడమే వాళ్ల పని.

డిడక్షన్ వచ్చే ఆదాయంలోనే ఉంటే మాత్రం కారు పుట్టిన ఊరు మోడల్ పేరు బట్టి తేల్చకండి. మామూలు అయానిక్ 5 జార్జియాది, అదే పేరుకి చివర ఎన్ తగిలించిన స్పోర్ట్ మోడల్ కొరియాది. నిస్సాన్ లీఫ్ ఏళ్ల తరబడి టెనెసీలో తయారైంది, 2026 మోడల్ జపాన్ నుంచి వస్తోంది. డ్రైవర్ వైపు ముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల విన్ నంబర్, అంటే కారు గుర్తింపు సంఖ్య, చూడండి. మొదటి అక్షరం 1, 4, 5 అయితే అమెరికా, 2 కెనడా, 3 మెక్సికో, జె జపాన్, కె కొరియా. 7తో మొదలయ్యే అమెరికా కార్లూ ఉన్నాయి. అద్దం మీది కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. రిటర్నులో విన్ నంబర్ రాయనిదే డిడక్షన్ రాదు.

తమ్ముడూ మరదలూ ఇద్దరి ఆదాయం కలిపి 2 లక్షల 5 వేలు. అంటే డిడక్షన్‌లో ఏటా 1,000 కోత. మొదటి ఏడాది వాళ్లకి మిగిలేది 265, మూడేళ్లకి కలిపి 500. షోరూములు ఇచ్చిన చివరి రేట్లలో మెక్సికో కారు 2,400 తక్కువకి వచ్చింది. ఆ తేడా 300 అయి ఉంటే జార్జియా కారే తీసుకోమనేవాణ్ణి. సాయంత్రానికి ఈక్వినాక్స్ తాళాలు మరదలి చేతిలో ఉన్నాయి.