హోబార్ట్‌లో ఐర్లండ్ ఖైదీ ఆడవాళ్ల జాడలు

ద్వీపాంతరవాసం అంటే మనకు అండమానే గుర్తొస్తుంది. ఐర్లండ్ ఖైదీ ఆడవాళ్లకు 1840 తర్వాత అది ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా ద్వీపం. ఆ జాడలు చూడాలనే మెల్బోర్న్‌లో ఉండే మా అక్కను వెంటబెట్టుకుని ఆ ద్వీపపు ముఖ్యపట్టణం హోబార్ట్ వెళ్లాను.

ముందు రేవు దగ్గరి కంచు విగ్రహాలు చూడండి. ముగ్గురు ఆడవాళ్లు, ఒక బిడ్డ. డబ్లిన్ శిల్పి రోవన్ గిలెస్పీ చేశాడు. 2017లో ఐర్లండ్ అధ్యక్షుడు హిగ్గిన్స్ వచ్చి ఆవిష్కరించారు. టికెట్ అక్కర్లేదు.

అక్కణ్ణించి వాగు పక్క కాలిబాటన కాస్కేడ్స్ ఫిమేల్ ఫ్యాక్టరీకి దాదాపు గంట నడక. బస్సుంది, అయినా నడవమనే అంటాను. కొండ దగ్గరవుతున్న కొద్దీ ఎండ తగ్గి చెమ్మ మొదలవుతుంది. ఆ చెమ్మలోనే ఆ ఖైదీలను ఉంచారు.

పేరుకే ఫ్యాక్టరీ, నిజానికి జైలు. సారాయి బట్టీ ఉన్న స్థలాన్ని ప్రభుత్వం కొని 1828లో తెరిచింది. 2010 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. మిగిలినవల్లా రాతి గోడలు, ఖాళీ ఆవరణలు, మేట్రన్ ఉన్న ఇల్లు. టికెట్ కొని ఊరికే తిరిగితే అరగంటలో బయటికొచ్చేస్తారు, ఏమీ తెలీదు. ధర కాస్త ఎక్కువైనా గైడుతోనే వెళ్లండి.

చిన్న దొంగతనానికి ఏడేళ్ల శిక్ష. డబ్లిన్‌లో గ్రాంజ్‌గోర్మన్ జైలు, ఆపైన నెలల తరబడి ఓడ. 1844 తర్వాత వచ్చినవాళ్లను ముందు డెర్వెంట్ నదిలో లంగరేసిన 'ఆన్సన్' ఓడలో ఆర్నెల్లు ఉంచి ఇంటిపని నేర్పేవారు. తర్వాత ఎవరింట్లోనో కొలువు. అక్కడ కడుపొస్తే తప్పు ఆమెదే, మళ్లీ ఫ్యాక్టరీకి పంపేవారు. కాన్పయ్యాక కొన్ని నెలలకే పాలు మాన్పించి, బిడ్డను విడదీసి, తల్లిని బట్టలుతికే తొట్ల దగ్గర శిక్షకు నిలబెట్టేవారు. వందల మంది పసివాళ్లు పోయారు. గైడు ఇది చెబుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది, చివరిదాకా వదల్లేదు.

బతికిన పిల్లల్ని రెండు మూడేళ్లకు హోబార్ట్‌లోనే న్యూటౌన్ అనే పేటలో ఉన్న అనాథ పాఠశాలకు చేర్చేవారు. సెయింట్ జాన్స్ చర్చికి అటూ ఇటూ ఆ కట్టడాలు ఇంకా ఉన్నాయి. అక్కడ గైడులెవరూ లేరు, కానీ ఫ్యాక్టరీ చూశాక తప్పకుండా వెళ్లండి.

బస మాత్రం బాగాలేదు. గదిలో హీటర్ పనిచేయలేదు, రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. బుక్ చేసేముందే హీటర్ సంగతి అడగండి, వేసవిలోనైనా సరే.

పోర్ట్ ఆర్థర్‌కు కారులో గంటన్నర. చాలా అందమైన చోటు, కానీ అది మగఖైదీల జైలు. ఒక్కరోజే చేతిలో ఉంటే దాన్ని మానుకుని రేవు, ఫ్యాక్టరీ, న్యూటౌన్ చూడండి.